ఆరు పక్కన

పది గంటలకు వస్తామని రాశారు. ఇప్పుడు తొమ్మిదయి నాలుగు నిమిషాలు, అదీ ఈ గడియారాన్ని నమ్మితే, ఇది అయిదు నిమిషాలు ముందుకు నడుస్తుంది, లేక వెనక్కా, ఆయన ఉన్నప్పుడు ముందుకే నడిచేది, ఆఫీసు వాళ్ళు వచ్చేసరికి మనం చేతులు కడుక్కుని నిలబడి ఉండాలని కావాలనే తిప్పిపెట్టేవారు, ఆయన పోయాక బ్యాటరీ మార్చింది నేనే కాబట్టి ముందుకు పెట్టానో సరిగ్గా పెట్టానో నాకే తెలియాలి, నాకేమో తెలియదు. పొద్దున కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని మూడో వరస రాళ్ళు కడిగాను, కడిగానా, కడిగితే బ్రష్షు తడిగా ఉండాలి, తడిగానే ఉంది, కానీ అది నిన్నటి తడో ఇవాళ్టి తడో బ్రష్షు చెప్పదు కదా. సామాన్ల గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి గేటూ కనిపిస్తుంది, ముప్పై మూడు రాళ్ళూ కనిపిస్తాయి. ఊళ్ళోవాళ్ళు దీన్ని రాళ్ళతోట అంటారు. ఆఫీసు కాగితాల్లో సైనిక సమాధి స్థలం అని ఉంటుంది. నలభై అయిదేళ్ళ కిందటి యుద్ధంలో ఈ చుట్టుపక్కల పోయిన కుర్రాళ్ళు, వరసకి ఎనిమిది మంది చొప్పున నాలుగు వరసలు, మూడో వరసలో మాత్రం తొమ్మిది మంది. ఎక్కువైన ఆ ఒక్కడి గురించే నా గొడవంతా.

ఉత్తరం ఒళ్ళోనే ఉంది, మడతల దగ్గర అప్పుడే నలిగిపోయింది. మూడో వరస ఆరో నంబరులో ఉన్న సైనికుడి అస్థికలను, అతని చెల్లెలి కోరిక మేరకు వెలికితీసి సొంత ఊరికి పంపడానికి అనుమతి ఇచ్చాం, ఒక ఆఫీసరు, ఇద్దరు పనివాళ్ళు, ఆ చెల్లెలు వస్తారు, కాపలాదారు గేటు తెరిచి ఉంచి సహకరించవలసింది. కాపలాదారు అంటే నేనే. నిజానికి కాపలాదారు మా ఆయన, ఆయన పోయాక ఇంకో మనిషి దొరికేదాకా తాళంచెవులు నీ దగ్గర ఉంచమ్మా అన్నారు, ఆ ఇంకో మనిషి ఆరేళ్ళుగా దొరకలేదు, ఇంత చవగ్గా ఇంకెవరు దొరుకుతారు. ఆఫీసు ఉత్తరానికి పిన్ను గుచ్చి ఆ చెల్లెలి అర్జీ నకలు కూడా పంపారు. మా అమ్మ పక్కన పెట్టుకుంటాం అని రాసింది. చివర, సంతకం కింద, ఎవరూ అడగకుండానే ఇంకో ముక్క రాసింది, మా చిన్నన్నని ఇన్నాళ్ళూ చూసుకున్నవారికి నమస్కారాలు అని. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి రాత్రి నేను ఉత్తరం మూసేశాను, మళ్ళీ తెరిచాను. ఎందుకంటే ఆరో నంబరు రాయి కింద వాళ్ళ చిన్నన్నే ఉన్నాడో లేదో నాకు తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలియదు. తెలియదన్న సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. "నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని ఆయన జన్మంతా నన్ను ఏడిపించారు పాపం, ఆయన పక్కనే పడుకుని పాతికేళ్ళు ఈ గింజని నానబెట్టాను.

ఇప్పుడు నోరు విప్పకపోతే పది దాటాక ఎవరో ఒకణ్ణి పైకి తీసి, పెట్టెలో పెట్టి, ఆ చెల్లెలి చేతికిస్తారు, ఆమె ఎవరి అన్ననో తీసుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన పెట్టుకుని ఏడుస్తుంది. విప్పితే ఆరో నంబరూ, దాని పక్కనున్న పేరులేనిదీ, రెండూ తవ్వుతారు. రెండూ తవ్వితే నాకు మిగిలేదేమిటి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ ఇక్కడ ముందూ వెనకా అన్నీ గోతులే, నవ్వొస్తోంది, నవ్వకూడదు. గడ్డి మళ్ళీ పెరిగింది రెండో వరసలో, కత్తెర పదును పెట్టించాలి. ఈ గడ్డి యంత్రానికి లొంగదు, యంత్రం రాళ్ళ అంచులు కొడుతుందని ఆయన మొదటి రోజే చెప్పారు, చేత్తోనే కత్తిరించాలి, సబ్బు వాడకూడదు, ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్షు, పైనుంచి కిందికి. పేరుమీదికి వచ్చేసరికి అక్షరం లోపలికి వేలు పెట్టి తుడవాలి, నాచు అక్కడే దాక్కుంటుంది. పేరున్న రాళ్ళకి అందుకే ఎక్కువసేపు పడుతుంది. పేరులేని రాయికి రెండు నిమిషాలు చాలు, దాని మీద 'ఒక సైనికుడు' అని తప్ప ఏమీ లేదు, అయినా రోజూ నాకు అక్కడే అరగంట పట్టేది, ఇంతసేపు ఏం తోముతున్నావే అరిగిపోతుంది అనేవారు ఆయన, అలా అంటూనే అటు తిరిగి వెళ్ళిపోయేవారు, నేను ఎవరితో మాట్లాడుతున్నానో ఆయనకు తెలుసు.

రిజిస్టరు చూస్తే తేలిపోదా అంటారెవరైనా. రిజిస్టరు నాకు నోటికొచ్చు. మూడో వరస, ఒకటి నుంచి ఎనిమిది దాకా పేరు, ఊరు, మెడలో బిళ్ళ మీది అంకె, అన్నీ ఉన్నాయి. ఎనిమిది మందినీ పూడ్చేశాక మూడు వారాలకి ఇంకొకణ్ణి తెచ్చారట, వాగు అవతల దొరికాడట, మెడలో బిళ్ళ లేదు. నాలుగు వరసలూ అప్పటికే నిండిపోయాయి. ఆరో నంబరుకు అటూ ఇటూ కాస్త ఎడం ఉందని అక్కడ పెట్టారు. రాసినాయన ఎవరోగానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆ ముత్యాల్లాంటి చేతిరాతతో ఇలా రాశాడు: పేరు తెలియదు, వయసు సుమారు ఇరవై, ఆరు పక్కన. అంతే. ఏ పక్కన? ఇటు అయిదుకీ ఆరుకీ మధ్యనా, అటు ఆరుకీ ఏడుకీ మధ్యనా? ఆయన రాసేనాడు కళ్ళెదురుగా మట్టి ఇంకా తడిగా ఉండి ఉంటుంది, చూస్తే తెలుస్తోంది కదా ఇంకా రాసేదేముంది అనుకుని ఉంటాడు. నేనైనా అలాగే అనుకునేదాన్ని, చూస్తున్నప్పుడు రాసుకోవాలని ఎవరికి తడుతుంది.

వయసు సుమారు ఇరవై. ఆ మాటే నన్ను ఇక్కడికి తెచ్చింది. యుద్ధానికి వెళ్ళేనాటికి మా తమ్ముడు బుడ్డోడికి పందొమ్మిది నిండాయి. బుడ్డోడంటే పొట్టివాడని కాదు, నా తర్వాత వాడొక్కడే గనక, బుడ్డోడు అంటే చాలు కస్సుమని లేచేవాడు గనక. యుద్ధం అయ్యాక కాగితం వచ్చింది, ఆచూకీ తెలియలేదు అని. చనిపోయాడని రాస్తే ఏడ్చి ఊరుకునేవాళ్ళం, ఆచూకీ తెలియలేదు అంటే ఏం చెయ్యాలో మా అమ్మకి తెలియలేదు, అయిదేళ్ళు తలుపు గడియ పెట్టనివ్వలేదు. నేను మాత్రం ఊరూరా తిరిగాను. ఇలాంటి రాళ్ళతోటలు నాలుగో అయిదో చూశాను, ప్రతిచోటా రిజిస్టరు అడిగేదాన్ని. ఇక్కడ రిజిస్టరు చూపించింది మా ఆయనే, అప్పుడు మా ఆయన కాదు, కొత్తగా చేరిన కాపలాదారు, చెవులు కాస్త పెద్దవి. ఆరు పక్కన, సుమారు ఇరవై, అని వేలు పెట్టి చదివి నా మొహంలోకి చూసి, "మీరు కావాలంటే రోజూ రావచ్చండీ, గేటు ఏడింటికి తీస్తాను" అన్నారు. రోజూ వచ్చాను. ఏడాదికి పెళ్ళయింది. రాయిని చూసి వచ్చి మనిషిని చేసుకుందని మా పిన్ని అంది, అననీ. అది బుడ్డోడే అని ఎవరూ చెప్పలేదు, కాదనీ ఎవరూ చెప్పలేదు, నాకు ఆ రెండో మాట చాలు.

వాడి పన్ను. వాడి ముందు పన్ను సగమే ఉండేది. అది నా వల్లే. వాడికి పదకొండేళ్ళు, నాకు పదమూడు, వంటింటి తలుపు వెనకాల నక్కి నన్ను భయపెట్టడం వాడికి అలవాటు, ఆ రోజు కూడా వెనకాల ఉన్నాడని నాకు తెలుసు, తలుపు కింది సందులోంచి కాలివేళ్ళు కనిపించాయి, కనిపించాయా, తర్వాత నేను కల్పించుకున్నానా, తెలిసే తలుపు తోశాను, ఉట్టిగా కాదు, భుజంతో తోశాను. వాడు నోరు మూసుకుని కిందికి చూస్తూ పన్ను ముక్క కోసం వెతికాడు. మా అమ్మ వచ్చి ఏమైందిరా అంటే, "నేనే పడ్డానమ్మా, అక్క లేదసలు" అన్నాడు. అక్క అక్కడే నిలబడి ఉంది. ఆ తర్వాత ఆ పంటి సందులోంచి ఈల వేయడం నేర్చుకున్నాడు, ఊరంతా వినిపించేలా, అదొక గొప్ప. వెళ్ళిన మూడో నెల ఉత్తరం రాశాడు, అక్కా ఇక్కడ చలి, ఉన్ని మేజోళ్ళు పంపు, నీలం వద్దు. నాకు ఆ వారం తీరలేదు, తర్వాతి వారం నీలం తప్ప దొరకలేదు, ఇంకో వారం వెతికాను. పార్సిలు తిరిగొచ్చింది. పెట్టెలో అడుగున ఉంది ఇప్పటికీ, బూడిదరంగు మేజోళ్ళు, తాడు కూడా విప్పలేదు. అందుకని తవ్వితే తెలుస్తుంది. నలభై అయిదేళ్ళయినా పళ్ళు ఉంటాయట, ఆఫీసు వాళ్ళు ఒకసారి ఇంకెవరి గురించో మాట్లాడుకుంటుంటే విన్నాను. తవ్వితే, పళ్ళన్నీ నిండుగా కనిపిస్తే, ఇన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు.

తొమ్మిది ఇరవై. లేదా పావు. గేటు బయట ఏదో కారు ఆగింది, కాదు, వెళ్ళిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, కాంక్రీటు వేసిన రోజు. రాళ్ళు ఒరిగిపోతున్నాయని, వరస వరసకీ కింద కాంక్రీటు పట్టీ వేసి అందులో నిలబెట్టమని ఆఫీసు నుంచి ఆర్డరు. ఆయన ఎంత జాగ్రత్త మనిషంటే, ప్రతి రాయి వెనకా సుద్దముక్కతో అంకె వేశారు, రాయి తీసిన చోట అదే అంకె రాసిన చెక్క మేకు దిగ్గొట్టారు. పేరులేనిదానికి అంకె లేదు గనక రాయికి ఏమీ వెయ్యలేదు, మేకు మాత్రం ఉత్తది పెట్టారు. పూలదుంపలు తవ్వి బుట్టల్లోకి ఎత్తడం నా పని, అందరికీ పసుపుపూల దుంపలు, పేరులేనివాడికి ఒక్కడికే తెల్లవి, అది నేను మొదలుపెట్టిన అలవాటు. మూడో వరస వచ్చిన రోజు ఆయనకు జ్వరం, లేవలేదు, నువ్వు చూసుకోగలవా అన్నారు, చూసుకోలేనా ఏం అన్నాను. తాపీమేస్త్రీ తొందర మనిషి, పట్టీ పోసేముందు మేకులన్నీ పీకి కుప్ప పోశాడు, "అమ్మా, మేకులు అడ్డమమ్మా, రాళ్ళ మీద అంకెలు ఉన్నాయిగా" అన్నాడు. ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగి కేకేశాడు, "అమ్మోయ్, ఈ అంకె లేనిది ఎటు పెట్టను? ఆరుకి ఇటా అటా? తొందరగా చెప్పండి, సిమెంటు బిగిసిపోతోంది." నా రెండు చేతుల్లోనూ దుంపల బుట్టలు. గడ్డంతో చూపించాను. ఇంతే. అటు అని గడ్డం ఎత్తాను, ఎటు ఎత్తానో ఇప్పుడు ఎంత గింజుకున్నా గుర్తురాదు, అటు అనుకుని ఇటు ఎత్తానా, ఇటే ఎత్తితే అతను అటు అనుకున్నాడా, అసలు నేను అతని ప్రశ్నకే ఎత్తానా, లేక మొహం మీద వాలిన ఈగని తోలుకోవడానికి ఎత్తానా. రాయి దిగింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పేరులేనిది ఏడు వైపున, ఆరుకి అవతల. నేను చూసి, సరే, అక్కడేగా ఉండేది, అనుకున్నాను. రోజూ అరగంట కూర్చున్న చోటు కదా, అంతలో తప్పిపోతానా అనుకున్నాను.

పోయానేమో. కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని వెళ్తే పద్నాలుగు అడుగులు, నేను లెక్కపెట్టేదాన్ని కాదు, కాళ్ళే ఆగేవి. కాంక్రీటు ఆరాక మర్నాడు వెళ్తే కాళ్ళు ఆగాయి, తల ఎత్తితే ఎదురుగా ఆరో నంబరు రాయి, పేరూ ఊరూ నిండుగా ఉన్నవాడు. ఇంకో రెండడుగులు వేశాను. మర్నాడూ అంతే. ఏడాది పొడుగునా కాళ్ళు పద్నాలుగు దగ్గరే ఆగడం, నేను వాటిని ఇంకో రెండడుగులు లాక్కెళ్ళడం. ఒకరోజు ఆయన చూసి, "ఏమే, దారి మర్చిపోతున్నావా, ముసలిదానివి అయిపోతున్నావు" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ముప్పై ఆరు. కుళాయిని కూడా ఆ సంవత్సరమే గోడ వైపుకు జరిపారు కదా, అందుకేనేమో, జరిపింది ఆ సంవత్సరమా, దాని ముందు సంవత్సరమా? ఆయన్ని అడగాల్సింది. చివరి రోజుల్లో అడిగాను కూడా, మందు తాగిస్తూ మెల్లగా, కాంక్రీటు వేసినప్పుడు పేరులేనిది ఎటు ఉండేదండీ అని. ఆయన కళ్ళు మూసుకునే, "ఆరు పక్కన" అన్నారు.

కాంక్రీటు వేసిన తర్వాతి వసంతంలో పూలు వచ్చాయి. ఎనిమిది మందికి పసుపు, పేరులేని రాయి ముందు తెల్లవి, నేను నాటినట్టే వచ్చాయి. కానీ ఆరో నంబరు రాయి ముందు, పసుపు పూల మధ్య, ఒక్కటి తెల్లది. ఒకే ఒక్కటి. నేను తవ్వి ఎత్తినప్పుడు మట్టిలో ఒక దుంప మిగిలిపోయి ఉంటే, తెల్లది లేచిన చోటే పేరులేనివాడి చోటు, అంటే రాళ్ళు మారిపోయాయి. అలా కాకుండా బుట్టలో ఒక తెల్ల దుంప పసుపు దుంపల్లో కలిసిపోయి ఉంటే ఏమీ మారలేదు, అంతా సవ్యంగానే ఉంది, నేనే పిచ్చిదాన్ని. రెండూ జరగొచ్చు. ఆయన ఇంకా నిద్రలేవలేదు. నేను చెంచా తెచ్చుకుని, గునపం కాదు, అన్నం వడ్డించుకునే చెంచా, మోకాళ్ళ మీద కూర్చుని ఆ తెల్లదాన్ని దుంపతో సహా తవ్వి, రెండడుగులు అవతల పేరులేని రాయి ముందు పాతిపెట్టాను. చెంచా కడిగి మళ్ళీ వంటింట్లో పెట్టాను. రాయిని కదపలేను గనక పువ్వుని కదిపాను. చెప్పి ఉంటే ఆయన ఉద్యోగం పోయేదేమో, ఈ రెండు గదుల ఇల్లు పోయేదేమో, అవి కారణాలే, కాదనను, కానీ అవి కావు. తవ్వుతారేమోనని భయం. నాకు నా రాయి కావాలి. ఏ రాయి అయినా సరే, ఒకటి కావాలి. దీన్ని స్వార్థం అనకుండా ఇంకేమంటారో నాకు తెలియదు, అన్నా పడతాను.

అంటే ఈ ముప్పై ఒక్క ఏళ్ళూ నేను ఆ చిన్నన్నకి బుడ్డోడి కబుర్లు చెప్పానేమో. అమ్మ పోయిందిరా అని చెప్పాను, ఇల్లు అమ్మేశాం అని చెప్పాను, మేజోళ్ళు నీలం కాదురా అని చెప్పాను. పాపం ఎవరో పరాయి కుర్రాడు, ఎవరీవిడ, ఏమిటీ మేజోళ్ళ గోల అనుకుని ఉంటాడు. రెండడుగుల ఇవతల మావాడు, పక్కవాడికి దక్కుతున్న కబుర్లు చెవి ఒగ్గి వింటూ. వినడానికేం, వినిపిస్తుంది, రెండడుగులే కదా. లేదా మావాడు ఇక్కడెక్కడా లేడు, ఏ వాగులోనో, ఏ కొండ అవతలో ఉన్నాడు, ఈ ఇద్దరూ పరాయివాళ్ళే, అలా కూడా కావచ్చు, అలా కావడానికే ఎక్కువ వీలుంది. నాకు లెక్కలు రాకపోలేదు.

గేటు చప్పుడు. గడియారం పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది, అంటే అది వెనక్కే నడుస్తోంది, లేదా వీళ్ళు ముందొచ్చారు. ఆఫీసరు చంకలో ఫైలుతో ముందు నడుస్తున్నాడు, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, గేటు దగ్గర బూట్లకున్న మట్టి దులుపుకున్నాడు. పనివాళ్ళిద్దరూ పారలు, ఒక గుడ్డ తెర, పొడుగాటి పెట్టె మోసుకొస్తున్నారు. వెనకాల ఆమె. యాభై అయిదు ఉంటాయి, అన్న వెళ్ళేనాటికి పదేళ్ళది అన్నమాట. నేను లేచాను, స్టూలు పడింది, తీశాను. ఆఫీసరు నమస్కారం పెట్టి, "మూడో వరసేనండీ?" అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఆమె ఏడవలేదు. ఆరో నంబరు రాయి ముందు నిలబడి పేరు మీద వేలు పెట్టి, అక్షరం లోపలికి, నేను తుడిచినట్టే, చివరిదాకా రాసుకుంటూ వెళ్ళింది. "తడిగా ఉంది" అంది. కడిగాను అయితే, పొద్దున కడిగానన్నమాట. "చిన్నన్న పేరు ఇంత చిన్నగా చెక్కారేం" అని నవ్వబోయి మానేసింది. పనివాళ్ళు తెర కట్టడానికి కర్రలు పాతుతున్నారు. ఆఫీసరు ఫైలు తెరిచి, ఇక్కడొక సంతకం అంటున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ చూసుకున్నది మీరేనా అక్కా?"

నలభై అయిదేళ్ళయింది నన్ను ఎవరైనా అలా పిలిచి. ఆఫీసు వాళ్ళకి నేను అమ్మని, ఊళ్ళో వాళ్ళకి కాపలాదారు పెళ్ళాన్ని. ఆమె పక్క రాయి చూసింది, ఒక సైనికుడు అని చదివింది.

"పాపం, ఈయనకి ఎవరూ లేరా?"

"ఉన్నారు" అన్నాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగతావి వరస తప్పి వచ్చాయి, ముందు దుంపలు, తర్వాత జ్వరం, తర్వాత గడ్డం, మేకులు, చెంచా, మళ్ళీ గడ్డం. ఆఫీసరు రెండుసార్లు ఆపి, ఏ రాయి, ఎప్పుడు అని అడిగాడు. అర్థమయ్యేసరికి అతని మొహం పాలిపోయింది.

"ఇదేంటమ్మా, పార దిగే ముందా చెప్పేది? ముప్పై ఒక్క ఏళ్ళు ఏం చేస్తున్నారు?"

"భయపడుతున్నాను" అన్నాను. "ఆ పేరులేనివాడు మా తమ్ముడని అనుకుంటున్నాను బాబూ. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకుంటున్నాను. తవ్వితే కాదని తేలుతుందేమోనని."

అతను ఫైలు మూసి మళ్ళీ తెరిచాడు. ఆమె నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను, తిట్టడానికి ఆమెకి హక్కుంది, తిడితే నాకు కాస్త సుఖంగా ఉండేది. ఆమె, "మీవాడికి గుర్తేమైనా ఉందా అక్కా?" అంది.

"ముందు పన్ను సగం విరిగింది. నేనే విరగ్గొట్టాను."

"మా చిన్నన్నకి పళ్ళన్నీ బాగుండేవి" అంది. "ఉత్తపుణ్యానికి నవ్వేవాడు."

"రెండూ తవ్వించండి" అన్నాను ఆఫీసరుతో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా పేరు రాసుకోండి, తప్పు నాదని రాసుకోండి, ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తాను. ఆవిడకి వాళ్ళ అన్నని ఇవ్వండి."

అతను ఫోను తీసుకుని గేటు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడి ఎవరితోనో, అవునండీ, రెండండీ, పక్కపక్కనేనండీ, అంటూ ఉన్నాడు. పనివాళ్ళు పారల మీద గడ్డాలు ఆనించుకుని మమ్మల్ని చూడకుండా చూస్తున్నారు. నాకు చేతులు కడుక్కోవాలనిపించింది, ఎందుకో తెలియదు, కుళాయి దగ్గరికి వెళ్ళాను, కడుక్కున్నాను, చెయ్యి ఖాళీగా ఉండలేక బకెట్టు నింపాను. ఆఫీసరు తిరిగొచ్చి, "సరేనన్నారు, రెండూ" అన్నాడు. పనివాళ్ళలో పెద్దవాడు పార భుజాన వేసుకుని, "ముందు ఏదమ్మా?" అని నన్ను కేకేసి అడిగాడు.

"ఏదైతే ఏంటి బాబూ, వస్తున్నా ఉండు" అని బకెట్టు ఎత్తుకుని నడిచాను. మావాడి దగ్గర నిలబడదామని, ఈ ఒక్కసారికి, మావాడు అనుకునే వీలున్న ఆఖరిసారికి. ఆమె సంగతి ఆలోచిస్తున్నాను, పదేళ్ళ పిల్లగా ఎలా ఉండేదో అని, ఆ నవ్వే అన్న భుజాల మీద ఎక్కేదేమో అని, ఇంకేమీ ఆలోచించడం లేదు. ఆగాను. బకెట్టు కింద పెట్టాను. తల ఎత్తి చూస్తే, నా ఎదురుగా రాయి మీద పేరుంది, ఊరుంది, నిండుగా అక్షరాలున్నాయి.

ఇంకో రెండడుగులు వేద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. ఆమె నా పాదాలు చూసింది, కింద పెట్టిన బకెట్టు చూసింది. పేరు మీద ఉన్న చెయ్యి మెల్లగా తీసింది. పక్కకి జరిగి, రెండడుగులు, ఏమీ రాయని రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "చిన్నన్నా" అంది.

పెద్ద పనివాడు ఆఫీసరు వైపు చూశాడు, ఆఫీసరు నా వైపు చూశాడు. ఇంకా ఏమీ తేలలేదు, తేలుతుందో లేదో కూడా తెలియదు, కాళ్ళు చెప్పింది ఏ రిజిస్టరులో రాస్తారు. పార అంచు నా ముందున్న గడ్డి మీద ఆనింది. అతను పాదం ఎత్తి దాని మీద పెట్టి, బలమంతా భుజంలోకి తెచ్చుకుంటున్నాడు, ఆ భుజం చూడగానే నేను అతని చెయ్యి పట్టేసుకున్నాను.

"మెల్లగా నాయనా" అన్నాను. "తలుపు మెల్లగా తియ్యి. వెనకాల మావాడున్నాడు."